ఊరి కథ ఊరివాళ్ళే చెప్పాలంటే: ఫోన్ వీడియో శిక్షణ ఎలా నడపాలి

మొదటిసారి నేను శిక్షణ ఇచ్చినప్పుడు మూడు రోజుల వర్క్‌షాప్ పెట్టాను. పీపీటీలు, బ్యాగులు, సర్టిఫికెట్లు, ఆఖర్న గ్రూప్ ఫొటో. ఊరికి ఒక మంచి ట్రైపాడ్ కూడా కొనిచ్చి వచ్చాను. ఆర్నెల్ల తర్వాత వెళ్ళి చూస్తే ఆ ట్రైపాడ్ మంచం పక్కన దోమతెరకి కొయ్యగా నిలబడి ఉంది. ఒక్క వీడియో తయారవలేదు. తప్పు వాళ్ళది కాదు. ఫోన్ నొక్కడం ఊళ్ళో పదో తరగతి పిల్లలకు నాకంటే బాగా వచ్చు. నేను మూడు రోజులూ వాళ్ళకు వచ్చిందే నేర్పి, రానిది వదిలేసి వచ్చాను. ఏది కథ, ఎవరు చెప్పాలి, తయారయ్యాక ముందుగా ఎవరు చూడాలి అన్న మాటే అక్కడ రాలేదు.

మీరు టీచరైనా, ఎన్జీవోలో పనిచేస్తున్నా, సొంత ఊరికి ఏదైనా చేద్దామనుకుంటున్నా, కింద రాసినవి నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి. కొన్ని మాత్రం మన దగ్గరే ముందుగా చేసి చూపించినవాళ్ళ నుంచి తెచ్చుకున్నవి.

ఆ చేసి చూపించినవాళ్ళ సంగతి ముందు చెప్పాలి. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేశారు. 1990ల చివర్లో అక్కడి మహిళా సంఘాల్లోని దళిత స్త్రీలు వీడియో కెమెరా పట్టడం మొదలుపెట్టారు. వాళ్ళలో చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, కూలికి పోయేవాళ్ళు. 2001లో వాళ్ళదే కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. తర్వాత బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల వెంట సీజనంతా తిరిగి సినిమా తీసింది ఈ ఆడవాళ్ళే. మాచనూరులో రేడియో స్టూడియో కూడా కట్టుకున్నారు కానీ లైసెన్సు రాలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరుచుకున్నది 2006లో. అప్పటిదాకా వాళ్ళు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘం మీటింగుల్లో వేసి వినిపించుకున్నారు. 2008 అక్టోబరులో సంఘం రేడియో 90.4లో గాలిలోకి వచ్చింది. పరికరం దొరికాక పనిచేద్దాం, అనుమతి వచ్చాక మొదలుపెడదాం అని మీకు అనిపించినప్పుడల్లా ఆ క్యాసెట్లు గుర్తు చేసుకోండి.

ఇక పనిలోకి దిగుదాం.

మొదటి అడుగు: క్లాసు పెట్టకముందు ఊళ్ళో తిరగడం

కనీసం నాలుగైదు సార్లు ఊరికి వెళ్ళండి. కెమెరా తీసుకెళ్ళొద్దు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, సంత రోజు ఒకసారి వెళ్తే ఊరు వేర్వేరుగా కనిపిస్తుంది. టీ కొట్టు దగ్గర వినిపించే ఊరు వేరు, బోరింగు దగ్గర వినిపించే ఊరు వేరు.

మనుషులను ఎంచుకునేటప్పుడే సగం శిక్షణ అయిపోతుంది, లేదా చెడిపోతుంది. "వీడియోలు నేర్పుతాం, రండి" అని చాటింపు వేయిస్తే ఎవరొస్తారో నేను ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలను. సర్పంచ్ గారి అబ్బాయి, రీల్స్ చేసే ఇద్దరు కుర్రాళ్ళు, ఉద్యోగం ఇప్పిస్తారేమో అని వచ్చే డిగ్రీ పిల్లాడు. వాళ్ళను రావద్దని అనకండి. కానీ వాళ్ళే ఉంటే ఊరి కథ ఒక వీధి దాటదు. పది మందికి మించకుండా పెట్టుకుని, అందులో సగానికి తగ్గకుండా ఆడవాళ్ళు ఉండేలా, ప్రతి వాడ నుంచీ కనీసం ఒకరు వచ్చేలా ఇళ్ళకు వెళ్ళి పిలవండి. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి జంటలు కట్టడం. యాభై దాటిన ఒకరికి ఇరవైల్లో ఉన్న ఒకరిని కలపాలి. పెద్దావిడకి ఎవరిని ఏం అడగాలో తెలుసు, చిన్నదానికి ఫోన్ తెలుసు. పాత్రలు మధ్యలో మార్చుకోమని చెప్పండి, లేకపోతే ఫోన్ ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉండిపోతుంది.

ఎక్కడ కూర్చుంటారన్నది చిన్న విషయం అనుకోకండి. పెద్ద కులం వాళ్ళ అరుగు మీదో, గుడి మండపంలోనో పెడితే కొందరు గడప దగ్గరే ఆగిపోతారు, మీకు కారణం కూడా చెప్పరు. బడి వదిలాక బడి గది, గ్రామైక్య సంఘం భవనం, అంగన్‌వాడీ వరండా లాంటివి మేలు. టైం కూడా మీకు కుదిరేది కాదు, వాళ్ళకు కుదిరేది. ఎండాకాలంలో ఉపాధి హామీ పని ఉన్నప్పుడు పొద్దున ఎవరూ దొరకరు. నాట్ల టైంలో అసలు పెట్టొద్దు. వారానికి రెండు సాయంత్రాలు, రెండేసి గంటలు, అలా పది వారాలు సాగితే ఒక రూపం వస్తుంది. పగలు పిలవాల్సి వస్తే ఆ రోజు కూలి డబ్బులు ఇవ్వండి. టీ బిస్కెట్లతో సరిపెట్టొద్దు.

సామాను

పెద్దగా ఏం అక్కర్లేదు. ఎవరి దగ్గర ఏ ఫోన్ ఉందో ముందు రాసుకోండి. ఆడవాళ్ళను అడిగేటప్పుడు ఇంకో ప్రశ్న వేయండి: ఆ ఫోన్ సాయంత్రం ఎవరి దగ్గర ఉంటుంది? చాలా ఇళ్ళలో అది భర్త జేబులో ఉంటుంది, లేదా కొడుకు గేమ్ ఆడుతుంటాడు. అందుకే జంటకు ఒకటి చొప్పున శిక్షణ ఫోన్లు, సెకండ్ హ్యాండ్‌వైనా సరే, సంఘం పేరు మీద ఉంటే మంచిది.

క్వాలిటీ 1080పీ పెడితే నిమిషం వీడియోకి సుమారు 100 నుంచి 150 ఎంబీ పడుతుంది. ఎనిమిది జీబీ ఖాళీ ఉంటే దాదాపు గంట. చాలా ఫోన్లలో అంత ఖాళీ ఉండదు, గుడ్‌మార్నింగ్ ఫొటోలతో నిండిపోయి ఉంటుంది. మొదటి వారం ఇంటిపని కింద "ఫోన్ ఊడ్చండి" అని ఇవ్వండి. 720పీతో తీసినా ఊళ్ళో తెర మీద బాగానే ఉంటుంది, సగం చోటు మిగులుతుంది.

డబ్బులు పెట్టాల్సింది మైకు మీద. చొక్కాకి, చీర కొంగుకి తగిలించుకునే వైరు మైకు కొన్ని వందల్లో వస్తుంది. దాని పిన్ను మీద మూడు నల్ల గీతలుంటేనే మామూలు ఫోన్ తీసుకుంటుంది. టైప్-సి రంధ్రం మాత్రమే ఉన్న ఫోన్లకు కన్వర్టర్ కావాలి. కొన్న రోజే పెట్టి చూసుకోండి. ట్రైపాడ్‌కి బదులు రెండు ఇటుకలు, ఒక రబ్బరు బ్యాండు సరిపోతాయి. అది దోమతెరకి కూడా పనికిరాదు, కాబట్టి క్లాసులోనే ఉంటుంది.

మొదటి రెండు సాయంత్రాలు ఫోన్ ముట్టొద్దు

అందరినీ ఇంట్లోంచి ఒక వస్తువు తెమ్మనండి. ఖరీదైనది అక్కర్లేదు, దాని వెనక ఒక సంగతి ఉంటే చాలు. గుండ్రంగా కూర్చోండి, మీరూ కిందే కూర్చోండి. ఒక్కొక్కరు ఆ వస్తువు పట్టుకుని మూడు నిమిషాలు మాట్లాడాలి. మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. ఆ తర్వాత మిగతావాళ్ళు ప్రశ్నలు వేయాలి, సలహాలు మాత్రం ఇవ్వకూడదు.

ఒక ఊళ్ళో జాబ్ కార్డు తెచ్చారు, అరిగిపోయిన కొడవలి తెచ్చారు. ఒకామె మూడు బ్యాటరీల పాత టార్చిలైటు తెచ్చింది. ఆమె మామ ఆ ఊరి నీరటి. తూము తెరిచి, మూసి, ఆయకట్టుకు వంతుల ప్రకారం నీళ్ళు వదిలే మనిషి. ఆమె మొదటిసారి చెప్పింది ఇంతే: "మా మామ నీరటి. మంచోడు. చెరువుకు శాన సేవ చేసిండు." నిమిషం కూడా పట్టలేదు. సంతాప సభలో మాట్లాడినట్టు ఉంది.

అప్పుడు పక్కనున్న ముసలాయన అడిగాడు, "లైటు ఎవరు పట్టుకునేది?" అని. ఆమె కాసేపు ఆగింది. "మా అత్త," అంది. "వానల టైంల రాత్రి తూములో చెత్త పడితే ఆయన నీళ్ళల్ల దిగేది. మా అత్త కట్ట మీద నిలబడి లైటు కొట్టేది. పాములుంటయని ఆమెకు భయం. ఆయనకు చెప్పకపోయేది. ఊరంతా ఆయన్నే నీరటి అంటరు. ఆమె పేరు ఎవ్వరికి ఎర్కలేదు."

గదిలో ఎవరూ కదల్లేదు. కథ అక్కడుంది అని నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇలాంటి ప్రశ్నలు అడగడమే ఈ రెండు సాయంత్రాల చదువు. "ఎలా అనిపించింది?" అని అడిగితే "మంచిగనే అనిపించింది" అని వస్తుంది. ఆ రోజు ఎండా వానా, పక్కన ఎవరున్నారు, చేతిలో ఏముంది, తర్వాత ఎటు నడిచావు అని అడిగితే మనిషి ఆ చోటికి వెళ్ళిపోతాడు. వీటిని గోడ మీద రాసి పెట్టకండి. ఆ ముసలాయన ప్రశ్న లాంటివి మీ క్లాసులోనే పుడతాయి, వాటినే మళ్ళీ మళ్ళీ గుర్తు చేయండి.

భాష గురించి ఒక్క మాట. ఫోన్ ముందుకు రాగానే మనవాళ్ళు టీవీ యాంకర్లయిపోతారు. "మన గ్రామంలో నెలకొన్న సమస్యలు" అని మొదలుపెడతారు. ఇంట్లో అలా మాట్లాడతారా? ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో మొదలైన ఖబర్ లహరియా పత్రికను అక్కడి గ్రామీణ స్త్రీలు తమ యాస బుందేలీలో నడిపారు. తర్వాత వాళ్ళే ఫోన్ వీడియోలకు మారారు. అక్కడివాళ్ళు అది మాది అనుకోవడంలో ఆ యాసకు పెద్ద వాటా ఉంది. మీ దగ్గర "శాన", "ఎర్కలేదు" అంటే అలాగే ఉంచండి. బయటివాళ్ళకు అర్థం కాదనుకుంటే కింద అక్షరాలు వేయొచ్చు.

మూడో వారం: చెవి తర్వాతే కన్ను

వీడియో కంటే ముందు ఒట్టి ఆడియో రికార్డు చేయించండి. బొమ్మ కాస్త అటూ ఇటూ అయినా జనం చూస్తారు, మాట వినబడకపోతే పది సెకన్లలో లేచి పోతారు.

ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం, ఫ్యాన్ ఆపడం, ఫోన్ నోటికి మూరెడు దూరం దాటకుండా పట్టుకోవడం, ఇవి చెప్పి వదిలేయండి. ఆ తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టి వినమనండి. మొదటిసారి విన్నప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి. పక్కింటి మిక్సీ, వీధి చివర ట్రాక్టరు, కోడి, తన గాజులు తనకే వినిపిస్తాయి. మామూలుగా మన చెవి వాటిని పక్కకు తోసేస్తుంది, మైకు తోయదు. గాలి ఎక్కువగా ఉంటే మైకుకి పిల్లల సాక్సు తొడగండి, నవ్వుకున్నా పనిచేస్తుంది.

మనిషి మాట్లాడటం అయ్యాక అర నిమిషం ఎవరూ కదలకుండా ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేయించండి. ఎడిటింగులో ముక్కలు అతికేటప్పుడు అది మాటల మధ్య పరుచుకుని గతుకులు కప్పేస్తుంది. టార్చిలైటు తెచ్చినామె ఈ అర నిమిషంలో ఊరికే లైటు మీట నొక్కింది. "టిక్" మన్న ఆ చప్పుడుతోనే ఆమె సినిమా మొదలైంది.

ఇంకో అలవాటు కష్టపడి నేర్పాలి. జవాబు అయిపోయింది అనిపించగానే తర్వాతి ప్రశ్న వేయకూడదు. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకోవాలి. అసలు మాట ఎక్కువసార్లు ఆ ఐదు లోపలే వస్తుంది. "అవునవును", "అయ్యో" అని మధ్యమధ్యలో అనడం కూడా మానాలి. తల ఊపితే చాలు. ఇది నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు, నా రికార్డింగుల నిండా నా "ఊ" లే ఉంటాయి.

కెమెరా ఎక్కడ నిలబడాలి

ఇక్కడ పస్తాపూర్ ఆడవాళ్ళు చేసిన పనికి నేను దండం పెడతాను. లో యాంగిల్, హై యాంగిల్ అన్న ఇంగ్లీషు పేర్లు పక్కన పెట్టి తమ పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేలు జనాన్ని చూసేది అలాగే. కింది నుంచి పైకి చూసేది వెట్టి మనిషి దొరను చూసే చూపు. ఎదురుగా, కళ్ళకు కళ్ళు సమానంగా ఉండేది సంఘం షాట్, సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కదా. ఈ ఒక్క ఉదాహరణ చెప్తే, నేలమీద కూర్చున్న మనిషిని నిలబడి తీయకూడదు అని మళ్ళీ వివరించక్కర్లేదు. మీ ఊళ్ళో మీవాళ్ళను కూడా పేర్లు పెట్టుకోమనండి. ఒకచోట చేతులను దగ్గరగా తీసేదాన్ని "బీడీ షాట్" అన్నారు. అక్కడ ఇంటింటా బీడీలు చుడతారు.

మిగతాది త్వరగా అయిపోతుంది. లెన్సుని కొంగుతోనో కర్చీఫ్‌తోనో తుడవాలి, సగం మసక వీడియోలకు కారణం వేలిముద్రలే. తెర కోసం అయితే ఫోన్ అడ్డంగా పట్టాలి. స్టేటస్‌కి మాత్రమే అయితే నిలువుగా పట్టుకున్నా గొడవ లేదు. వెలుతురు మాట్లాడే మనిషి ముఖం మీద పడాలి, వెనక కిటికీ ఉంటే మనిషి నల్లబడిపోతాడు. జూమ్ వేలితో కాదు, కాళ్ళతో చేయాలి. ప్రతి షాటూ కదలకుండా పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచాలి. పని చేస్తున్న మనిషిని తీస్తే చేతులు, ముఖం, చుట్టూ ఉన్న చోటు, భుజం వెనక నుంచి ఆ మనిషికి కనిపించేది, ఇంకా ఎవరూ అనుకోనిది ఒకటి, ఇలా ఐదు తీయమనండి. రొట్టె చేస్తున్న అమ్మ దగ్గర సాధన చేయిస్తే రొట్టె కూడా దొరుకుతుంది.

అనుమతి: ఇక్కడ నెమ్మదిగా నడవండి

ఇది చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక ఊళ్ళో చెరువు మీద వీడియో చేశాం. ఒక పెద్దాయన మాటల్లో మాటగా చెరువు శిఖం భూమిలో, అంటే నీళ్ళు నిలిచే చోట, ఎవరు ఎంత కలుపుకున్నారో చెప్పేశాడు. తీసేముందు "వీడియో తీయొచ్చా తాతా?" అని అడిగాం, తల ఊపాడు. అదే అనుమతి అనుకున్నాం. రాత్రికి అప్‌లోడ్ చేశాం. రెండో రోజుకి అది ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. మూడో రోజు ఆయన ఇంటికి మనుషులొచ్చారు. ఆయన కొడుకు పని చేసేది వాళ్ళ పొలంలోనే, ఆ పని పోయింది. నేను యూట్యూబ్‌లోంచి తీసేశాను. ఫోన్లలోంచి ఎలా తీస్తాను? ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు పోతవు బిడ్డా, మేం ఈడనే ఉంటం" అన్నాడు, అంతే.

అప్పటి నుంచి మేం మూడు ప్రశ్నలు విడివిడిగా అడుగుతాం. తీయొచ్చా? ఊళ్ళో అందరి ముందు చూపించొచ్చా? ఊరు దాటించి ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా? ఒకదానికి సరే అంటే మూడింటికీ సరే అన్నట్టు కాదు. చదవడం రానివాళ్ళ చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే మీకు ధైర్యమేమో గానీ వాళ్ళకు భయం. ఆ మాటలే ఫోన్‌లో రికార్డు చేయండి, వాళ్ళ గొంతుతో. ఇంటర్నెట్ అంటే ఏంటో చెప్పేటప్పుడు "దుబాయ్‌లో ఉన్న మీ అల్లుడు చూస్తాడు, మీకు అప్పిచ్చినాయన కూడా చూస్తాడు" అని చెప్తే వెంటనే అర్థమవుతుంది.

ఎడిటింగ్ అయ్యాక, ఊరికి చూపించే ముందు, ఆ మనిషికి ఒక్కరికే ఇంట్లో చూపించాలి. తీసేయమన్నది వాదించకుండా తీసేయాలి. క్లాసులో ఎవరికైనా "అదే కదా అసలు పాయింట్" అని బాధ కలిగితే, ఆ పాయింట్ ఖరీదు ఎవరు కడతారో అడగండి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. లైంగిక నేరానికి గురైన పిల్లల పేరు, ముఖం, బడి, ఇల్లు, వాళ్ళను గుర్తుపట్టే ఏ వివరమైనా మీడియాలో బయటపెట్టడం పోక్సో చట్టం సెక్షన్ 23 కింద నేరం. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. ఫోన్‌తో తీశాం, మేం జర్నలిస్టులం కాదు అంటే చెల్లదు. మొదట్లో ఇలాంటి కేసుల జోలికి పోకపోవడమే మంచిది. మీ క్లాసుకు అంత అనుభవం ఉండదు.

చీటీల కూర్పు

ఎడిటింగ్ యాప్ తెరవకముందు నేల మీద ఎడిటింగ్ చేయండి. ప్రతి షాటుకి, ప్రతి ముఖ్యమైన మాటకి ఒక చీటీ. చదువు రానివాళ్ళు బొమ్మ గీస్తారు, లైటు, కట్ట, అత్త, తూము అలా. చీటీలు వరసగా పరిచి కథ చెప్పమనండి, తర్వాత వరస మార్చి మళ్ళీ చెప్పమనండి. "మా ఊరు ఫలానా మండలంలో ఉంది" అన్న చీటీ అందరూ మొదట పెడతారు. దాన్ని తీసి పక్కన పెట్టి చూడమనండి. కథకు ఏమీ కాదని వాళ్ళకే తెలుస్తుంది. మొదటి సినిమా మూడు నిమిషాలు దాటనివ్వొద్దు. చెప్పే మాటలు రాసుకుంటే రెండున్నర వందల పదాల లోపు ఉండాలి.

యాప్ ఏదైనా ఫర్వాలేదు, ఊళ్ళో కుర్రాళ్ళకు ఏది వస్తే అది. కోయడం, అతకడం, మాట కింద చప్పుడు తగ్గించడం, అక్షరాలు వేయడం, ఈ నాలుగూ చాలు. మెరుపులు, తిరిగే బొమ్మలు వద్దని చెప్పినా వేస్తారు. ఒక సినిమా అలా వేయనిచ్చి ఊళ్ళో చూపించండి, తర్వాత వాళ్ళే మానేస్తారు. సినిమా పాటలు మాత్రం వాడనివ్వొద్దు, యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. ఊళ్ళో బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు పాడేవాళ్ళు ఉంటారు. వాళ్ళను అడిగి రికార్డు చేయండి, చివర్లో వాళ్ళ పేరు వేయండి. జానపదం అని రాసి పేరు ఎగ్గొట్టొద్దు.

ఫైళ్ళ విషయంలో రెండే నియమాలు. తీసిన రోజే తేదీ, ఊరు, మనిషి పేరుతో ఫోల్డర్. ఆ రోజే రెండో కాపీ, ఇంకో చోట. ఒకరి ఫోన్ బావిలో పడి నాలుగు వారాల పని పోయింది మాకు. వీడియో ఒకరికొకరు వాట్సాప్‌లో పంపుకునేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత నలిగిపోతుంది.

ముందు ఊరు చూడాలి

1967లో కెనడాలో ఫోగో అనే ద్వీపంలో ఇలాంటి ప్రయోగం ఒకటి జరిగింది. చేపలు పట్టుకుని బతికే ఊళ్ళు. ప్రభుత్వం వాళ్ళను అక్కడి నుంచి తరలించాలని చూస్తోంది. నేషనల్ ఫిల్మ్ బోర్డు తరఫున వెళ్ళిన కోలిన్ లో (Colin Low) అనే దర్శకుడు అక్కడి జనం మాటలను చిన్న చిన్న సినిమాలుగా తీసి, ముందు ఆ ఊళ్ళవాళ్ళకే వేసి చూపించాడు. ఒక ఊరి బాధ ఇంకో ఊరి బాధలాగే ఉందని తెరమీద చూసుకుని, వాళ్ళు సహకార సంఘం కట్టుకుని అక్కడే నిలబడ్డారు.

మన దగ్గర ప్రొజెక్టర్ అద్దెకు దొరుకుతుంది, తెల్ల పంచె గోడకి కడితే తెర. స్పీకరు మాత్రం మంచిది తెచ్చుకోండి. ఒకే చోట కాకుండా వాడవాడకి వెళ్ళి వేయండి. ఒకచోట వేస్తే వెనక వరసలో ఎవరు నిలబడతారో మీకూ తెలుసు. కరెంటు పోతుంది, దానికి బ్యాటరీ చూసుకోండి. సినిమా అయ్యాక గంట సేపు మాటలకు వదలండి. మీరు మైకు పట్టుకోవద్దు, తీసినవాళ్ళే మాట్లాడాలి.

టార్చిలైటు సినిమా చూపించేముందు ఆ అత్తకి ఇంట్లో ఫోన్‌లో చూపించారు. ఆమె రెండు మార్పులు చెప్పింది. నీళ్ళ వంతు దగ్గర జరిగిన పాత కొట్లాట మాట తీసేయమంది. చివర్లో తన పేరు ఇంటిపేరుతో సహా వేయమంది. కోడలు ఆ పేరు టైపు చేస్తుంటే పక్కన కూర్చుని ఒక్కో అక్షరం చూసింది, ఆమెకు చదవడం రాదు. ఆ రాత్రి తెర మీద పేరు రాగానే వెనక నుంచి ఎవరో గట్టిగా చదివారు.

ఊళ్ళో వేశాక వారం ఆగి అప్‌లోడ్ చేయండి. ఆ వారంలో ఎవరైనా వచ్చి వద్దనవచ్చు. శీర్షికలో ఊరు, మండలం పేర్లు తెలుగులో రాయండి, వలస వెళ్ళినవాళ్ళు వెతికేది వాటితోనే. కామెంట్లలో కులం తిట్లు వస్తాయి, దానికి ముందే సిద్ధపడి, ఎవరు చూసి తీసేయాలో పేరు రాసుకోండి. కామెంట్లు మూసేసినా తప్పులేదు.

మీరు బయటికి వచ్చే రోజు

చానల్ మొదటి రోజు నుంచే సంఘం మెయిల్ మీద ఉండాలి. రికవరీ నంబరు ఊళ్ళోవాళ్ళదే ఉండాలి, కనీసం ఇద్దరు అడ్మిన్లు, అందులో ఒకరు ఆడమనిషి. నేను చూసిన చాలా చానళ్ళు ఆగిపోయింది పాస్‌వర్డ్ మర్చిపోయి, లేదా శిక్షణ ఇచ్చినాయన ఉద్యోగం మారిపోయి. ఫోన్లు, మైకులు, హార్డ్ డిస్క్ ఎవరి ఇంట్లో ఉంటాయో రిజిస్టరులో రాయించండి. తీసుకున్నప్పుడు సంతకం, ఇచ్చినప్పుడు సంతకం. నెలకొక రాత్రి తెర కట్టే తేదీ ఊరివాళ్ళు ఖాయం చేసుకుంటే, దాని కోసమైనా ఏదో ఒకటి తీస్తారు. పున్నమి రోజు పెట్టుకున్న ఊరు ఒకటుంది, తేదీ గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదని.

పెళ్ళి వీడియోలు, పుట్టినరోజు వీడియోలు తీసి డబ్బు సంపాదించుకుంటే అడ్డు చెప్పొద్దు. మైకు రిపేరు ఖర్చు వచ్చేది దాంతోనే. ఆఖరి రోజు వాళ్ళ ముందే మీ ఫోన్‌లో చానల్ నుంచి లాగౌట్ అయి, పాస్‌వర్డ్ మార్చుకోమని ఫోన్ వాళ్ళ చేతికి ఇచ్చి, బయటికి వెళ్ళి టీ తాగి రండి.